చేతి ఆటకు తల్లి టీవీ కాదు

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కొడుకును వెంటబెట్టుకుని గేమ్ కన్సోల్ కొందామని హైదరాబాద్‌లో ఒక దుకాణానికి వెళ్ళాను. వాడికి పన్నెండేళ్ళు. పుట్టినరోజు డబ్బులు, సంక్రాంతికి తాతయ్య ఇచ్చినవి, నేను కలుపుతానన్నవి, అన్నీ ఒక కాగితం మీద లెక్క రాసుకుని జేబులో పెట్టుకొచ్చాడు. కౌంటర్ దగ్గరున్నతను మూడు పెట్టెలు వరసగా పెట్టి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఇది చేత్తో పట్టుకుని ఆడేది సార్, పవర్ తక్కువ. ఇది టీవీకి పెట్టేది, అసలైన కన్సోల్ అంటే ఇదే. ఇది రెండూ కలిసింది, మధ్యరకం. బడ్జెట్ ఎంతో చెప్పండి చాలు." మావాడు నా చొక్కా లాగి మెల్లగా అడిగాడు: "మామయ్యా, అంటే చేతిలోది డమ్మీయా?"

ఆ ప్రశ్నకు అక్కడ నిలబడి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఏమీ కొనకుండానే బయటికొచ్చేశాం. ఆ జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

తప్పు ఆ అమ్మేవాడొక్కడిదే కాదు. ఆటలు ఆడేవాళ్ళలో, ఆటల గురించి వీడియోలు చేసేవాళ్ళలో, పిల్లలకు కొనిపెట్టే తల్లిదండ్రుల్లో నూటికి తొంభై మంది నమ్మేది ఇదే. గేమ్ కన్సోళ్ళన్నీ ఒకే నిచ్చెన మెట్లట. కింది మెట్టు హ్యాండ్‌హెల్డ్, పై మెట్టు హోమ్ కన్సోల్, మధ్య మెట్టు హైబ్రిడ్. తేడా అంతా చిప్పు బలంలోనూ తెర కొలతలోనూ ఉందట. చిప్పులు ఏటేటా బలపడుతున్నాయి కాబట్టి ఆ తేడా చెరిగిపోతోందని, నింటెండో స్విచ్ అనే హైబ్రిడ్‌తో చెరిగిపోయిందని, ఇక ఈ మూడు పేర్లూ పాత అలవాటు కొద్దీ అంటున్నవేనని ఆ వాదానికి కొనసాగింపు.

పూర్వపక్షంలో ఉన్న నిజాన్ని ముందుగా ఒప్పుకుంటాను. ఏ కాలంలో చూసినా, గోడ ప్లగ్గు నుంచి కరెంటు తీసుకునే పెట్టెకు ఉన్నంత బలం అదే కాలపు చేతి కన్సోల్‌కు లేదు. అది కాదనలేం. కానీ రెంటి మధ్య ఒక తేడా కనిపించడం వేరు, ఆ తేడాయే వాటి లక్షణం కావడం వేరు. సైకిలుకు ట్రాక్టరంత బలం లేదు. అంతమాత్రాన సైకిలు చిన్న ట్రాక్టరు అయిపోదు. అది పుట్టిన అవసరం వేరు, తిరిగే దారి వేరు.

పుట్టుక దగ్గర్నుంచే మొదలుపెడదాం. హోమ్ కన్సోల్ టీవీ కడుపున పుట్టింది. 1966లో అమెరికాలో రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరు ఆలోచించింది కంప్యూటర్ల గురించి కాదు. ఇంటింటా ఒక టీవీ ఉంది, వచ్చిన కార్యక్రమం చూడటం తప్ప దానితో ఇంకేమీ చేయలేమా అన్నది ఆయన ప్రశ్న. ఆ ఆలోచనే 1972లో మాగ్నవాక్స్ ఒడిస్సీగా జనం ముందుకు వచ్చింది. అది తెర మీద చూపగలిగింది కొన్ని తెల్ల చుక్కల్ని, ఒక గీతను మాత్రమే. అందుకని మైదానాలు, బొమ్మలు అచ్చువేసిన పారదర్శక ప్లాస్టిక్ షీట్లు ఇచ్చి, వాటిని టీవీ అద్దానికి అతికించుకోమన్నారు. మొట్టమొదటి హోమ్ కన్సోల్ ఆటలో సగం అక్షరాలా టీవీకి అంటుకునే ఉంది.

చేతి ఆట పుట్టింది క్యాలిక్యులేటర్ నుంచి. 1976లో మాటెల్ తెచ్చిన ఆటో రేస్ అనే చేతి ఆట లోపల నడిచింది క్యాలిక్యులేటర్ల కోసం తయారైన చిప్పు. జపాన్‌లో నింటెండో ఉద్యోగి గున్‌పెయ్ యొకోయి కథ కూడా అలాంటిదే. బుల్లెట్ రైల్లో ఒక ఉద్యోగి తోచక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చోవడం ఆయన కంటబడిందని, అక్కడే ఆలోచన మెరిసిందని చెబుతారు. 1980లో గేమ్ అండ్ వాచ్ వచ్చింది. క్యాలిక్యులేటర్ తెర, గడియారం బ్యాటరీ, రెండు మూడు మీటలు, జేబులో పట్టే పరిమాణం. ఎక్కడో అమెరికాలో ఒకరు, జపాన్‌లో ఒకరు, ఇద్దరూ చేతి ఆట కోసం చూసింది టీవీ వైపు కాదు, క్యాలిక్యులేటర్ వైపు. అంటే ఇవి ఒక తల్లికి పుట్టిన పెద్దవాడు, చిన్నవాడు కావు. అసలు తల్లులే వేరు.

ఈ తేడా పుట్టుకతోనే ఆగిపోలేదని చూపేందుకు 1989-90 నాటి పోటీని మించిన సాక్ష్యం లేదు. 1989 ఏప్రిల్‌లో నింటెండో గేమ్ బాయ్ వచ్చింది. ఆకుపచ్చ ఛాయ తెర, నాలుగే నాలుగు షేడ్లు, వెనక నుంచి వెలుగు లేదు. అదే ఏడాది అటారీ లింక్స్, 1990లో సెగా గేమ్ గేర్ రంగుల తెరతో, వెనక లైటుతో దిగాయి. నిచ్చెన సిద్ధాంతం నిజమైతే గేమ్ బాయ్ ఆ ఏడాదే చచ్చిపోవాలి. జరిగింది తలకిందులు. గేమ్ గేర్ కోటికి కాస్త పైన ఆగిపోయింది. గేమ్ బాయ్, దాని రంగుల తమ్ముడు గేమ్ బాయ్ కలర్ కలిసి 11 కోట్ల 86 లక్షలు అమ్ముడుపోయాయి.

కారణం పెన్సిల్ సెల్లలో ఉంది. గేమ్ గేర్‌కు ఆరు సెల్లు వేస్తే మూడు నుంచి ఐదు గంటలు. గేమ్ బాయ్‌కు నాలుగు సెల్లు వేస్తే పది గంటలు దాటి ఇంకా ఆడొచ్చు. గేమ్ బాయ్‌ను తీర్చిదిద్దిన యొకోయికి రంగు తెర సంగతి తెలియక కాదు. పాతబడి, చవకై, గుణం అందరికీ తెలిసిన భాగాల్ని కొత్త పనికి వాడాలన్నది ఆయన పట్టుదల. చేతి కన్సోల్‌లో అసలు వనరు చిప్పు బలం కాదు, చేతిలో ఉన్నంతసేపూ బతికుండటం అని ఆయనకు అర్థమైంది. ఎదుటివాళ్ళు టీవీని చిన్నది చేసి చేతికిచ్చారు. ఆయన చేతికి ఏం కావాలో అదిచ్చాడు.

ఇది అర్థం కావడానికి జపాన్ దాకా పోనక్కర్లేదు. తొంభైల్లో పెరిగిన మనవాళ్ళకు బాగా తెలుసు. మా ఇంట్లో టీవీకి పెట్టే ఎనిమిది బిట్ల వీడియో గేమ్ ఉండేది. క్యాసెట్ తీసి, అడుగున ఊది, మళ్ళీ పెట్టి, టీవీ వెనక వైరు సర్ది, ఛానల్ కలిపితే మారియో కనిపించేవాడు. ఏడో స్టేజీకి చేరాక కరెంటు పోయేది. కరెంటు వచ్చేసరికి మారియో మొదటి స్టేజీకి, మేమేమో పుస్తకాల ముందుకి. ఆ కోతల్లో మమ్మల్ని కాపాడింది ఎగ్జిబిషన్‌లో కొన్న బ్రిక్ గేమ్. సెల్లు వేసే చోట మూత విరిగిపోతే రబ్బరు బ్యాండు చుట్టాం. సెల్లు నీరసించి తెర మసకబారితే వాటిని తీసి అరచేతుల మధ్య రుద్ది, ఎండలో పెట్టి, మళ్ళీ వేసేవాళ్ళం. ఇటుకలు కిందికి దిగుతూనే ఉండేవి. రంగు లేదు, కథ లేదు, చెప్పుకోదగ్గ చిప్పూ లేదు. అయినా అరుగు మీద, బస్సులో, పెళ్ళింట్లో విస్తళ్ళు వేసేదాకా అది మాతోనే ఉంది. దాన్ని టీవీ గేమ్‌కు తక్కువ రకం అని మాలో ఎవరూ అనుకోలేదు. దాని చోటు దానిది, దీని చోటు దీనిది.

చేతి కన్సోల్ ఇంటి కన్సోల్ వదిలేసిన విడుపు బట్టలు కట్టుకుని బతుకుతుందన్న మాట కూడా చరిత్రకు నిలవదు. ఇచ్చిపుచ్చుకోవడంలో చేతి కన్సోలే పెద్ద దాత. ఈ రోజు ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ ఏ కంట్రోలర్ చూసినా ఎడమ బొటనవేలి దగ్గర కూడిక గుర్తు ఆకారంలో ఒక మీట ఉంటుంది. అది 1982లో గేమ్ అండ్ వాచ్ డాంకీ కాంగ్‌లో పుట్టింది. అంతకుముందు టీవీ ఆటలకు నిలువు పుల్లలాంటి జాయ్‌స్టిక్ వాడేవారు. మడిచి జేబులో వేసుకునే యంత్రం మీద పుల్ల నిలబడదు. అందుకని యొకోయి దాన్ని చదును చేసి మీటగా మార్చాడు. మరుసటి ఏడాది, 1983లో, నింటెండో తన హోమ్ కన్సోల్ ఫామికామ్‌కు అదే మీట పెట్టింది. జేబు పెట్టిన ఇబ్బందికి దొరికిన పరిష్కారం ఇప్పుడు ప్రపంచంలో ప్రతి హాల్లోనూ ఉంది.

ఇక ఆటల సంగతి. 1996లో జపాన్‌లో వచ్చిన మొదటి పోకెమాన్ ఆటలో 151 జీవులున్నాయి. ఒక్క క్యాసెట్‌తో అన్నీ దొరకవు. రెడ్ అనే క్యాసెట్‌లో ఉన్నవి కొన్ని గ్రీన్ అనే క్యాసెట్‌లో ఉండవు. రెండు గేమ్ బాయ్‌లను తీగతో కలిపి ఇచ్చిపుచ్చుకోవాల్సిందే. చిన్నప్పుడు పురుగులు పట్టి పోగేసిన, ఈ ఆట సృష్టికర్త సతోషి తజిరి ఆ తీగను చూసి, దాని మీదుగా ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి పురుగులు పాకుతున్నట్టు ఊహించాడట. ఈ ఆటకు కావాల్సింది ఎవరి యంత్రం వాళ్ళ చేతిలో ఉండటం, ఇద్దరూ బయట ఎక్కడో ఎదురుపడటం. ఇంటి హాల్లో ఒకే టీవీ ముందు ఈ ఆట పుట్టే అవకాశమే లేదు. శక్తి ఎంత పెంచినా పుట్టదు.

అలాగని ఇంటి కన్సోల్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నిచ్చెన సిద్ధాంతం దానికీ అన్యాయమే చేస్తోంది. ఇంటి కన్సోల్ గొప్పతనం బలం ఒక్కటేనా? 1996 నాటి నింటెండో 64కు ముందువైపే నాలుగు కంట్రోలర్ పోర్టులుండేవి. నలుగురు ఒకే చాప మీద భుజాలు రాసుకుంటూ కూర్చుని ఒకే తెరను పంచుకోవాలన్నది దాని కోరిక. 2006లో వచ్చిన నింటెండో వీ బలంలో ప్లేస్టేషన్ 3కు, ఎక్స్‌బాక్స్ 360కి ఎక్కడా సాటి కాదు. అయినా పది కోట్లు దాటి, ఆ తరం హోమ్ కన్సోళ్ళలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది. ఎందుకంటే హాల్లో ఉండే మూడు సంగతుల్ని అది చక్కగా వాడుకుంది: పెద్ద తెర, చెయ్యి ఊపడానికి చాలినంత ఖాళీ, పక్కన నిలబడి కేకలు వేసే మనుషులు. టీవీ ఇంటిల్లిపాదిదీ, కాబట్టి ఇంటి కన్సోల్ కూడా ఇంటిల్లిపాదికీ చెందిన ఆటసామాను. చేతి కన్సోల్ ఒక్కరిది.

ఇప్పుడు హైబ్రిడ్ దగ్గరికి వద్దాం. వాదమంతా ఇక్కడే తేలాలి. హైబ్రిడ్ వచ్చింది కాబట్టి హద్దు చెరిగిపోయిందంటున్నారు. నేననేది, హద్దు ఎంత గట్టిదో హైబ్రిడ్డే నిరూపించింది.

చేతిలోనూ టీవీ మీదా ఆడే పెట్టె 2017లో కొత్తగా కనిపెట్టింది కాదు. 1995లోనే సెగా తన హోమ్ కన్సోల్ జెనెసిస్‌ను కుదించి నోమాడ్ అని చేతికిచ్చింది. జెనెసిస్ క్యాసెట్లే పెట్టుకోవచ్చు, టీవీకి కలుపుకోవచ్చు. కాగితం మీద చూస్తే స్విచ్ చేసే పనే. కానీ ఆరు సెల్లు రెండు మూడు గంటల్లో అయిపోయేవి, పెట్టె బరువు. అది నిలవలేదు. ఇంటి కన్సోల్‌ను బలవంతాన చేతిలోకి నెడితే ఏమవుతుందో నోమాడ్ చెప్పింది.

స్విచ్ ఎదురు దిశలో నడిచింది. 2013లో నింటెండో అప్పటిదాకా వేరువేరుగా ఉన్న చేతి కన్సోల్, హోమ్ కన్సోల్ యంత్రాల విభాగాలను కలిపేసింది. ఆ కలయిక తర్వాత 2017 మార్చిలో స్విచ్ వచ్చింది. దాని గుండె టాబ్లెట్ల వంటి వాటికి తయారైన ఎన్విడియా టెగ్రా కుటుంబపు చిప్పు. తెర 6.2 అంగుళాలు. టీవీ పక్కన పెట్టే డాక్‌లో అదనపు ప్రాసెసర్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. లేదు. డాక్ చేసేది కరెంటు అందించడం, బొమ్మను టీవీకి పంపించడం. కరెంటుకు కొదవ లేదని తెలిశాక చేతి పెట్టెలోని చిప్పే తన వేగం పెంచుకుంటుంది. 2025లో వచ్చిన స్విచ్ 2 డాక్‌లో కూడా చల్లబరచడానికి ఫ్యాన్ పెట్టారే తప్ప ఇంకో ప్రాసెసర్ పెట్టలేదు. ఆట ఎప్పుడూ నడిచేది చేతి పెట్టెలోనే. అంటే స్విచ్ రెంటి సగటు కాదు, మధ్యమెట్టు అంతకన్నా కాదు. అది టీవీ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళడం నేర్చుకున్న చేతి కన్సోల్.

దీన్ని లెక్క కట్టి చూడండి. మొదటి స్విచ్ బ్యాటరీలో పట్టేది సుమారు 16 వాట్ అవర్ల శక్తి. దాంతో బరువైన ఆటైతే రెండున్నర గంటలు, తేలిక ఆటైతే ఆరున్నర గంటలు నడుస్తుంది. ప్లేస్టేషన్ 5 పెద్ద ఆట నడిపేటప్పుడు 200 వాట్ల దాకా లాగుతుంది. ఆ బ్యాటరీని దానికి తగిలిస్తే ఐదు నిమిషాలు కూడా రాదు. చేతి కన్సోల్ తయారు చేసేవాడు ప్రతి ఆటనూ, ప్రతి బొమ్మనూ ఈ 16 వాట్ అవర్ల గిన్నెలోంచే వడ్డించాలి. హోమ్ కన్సోల్ తయారు చేసేవాడికి ఆ గిన్నే లేదు. అతని బెంగ వేడి గురించి, ఫ్యాన్ చప్పుడు గురించి. ఇద్దరి ముందున్న లెక్కలే వేరు. చిప్పు మారినంత మాత్రాన ఆ లెక్కలు ఒకటైపోవు.

తెర ఉన్నదల్లా చేతి కన్సోల్ కాదని చెప్పే ఉదాహరణలూ ఉన్నాయి. 2012 నాటి నింటెండో హోమ్ కన్సోల్ వీ యూ కంట్రోలర్‌కు తెర ఉంది, చేతిలో పట్టుకుని ఆడొచ్చు కూడా. కానీ ఆట నడిచేది టీవీ పక్కనున్న పెట్టెలో. కంట్రోలర్ పట్టుకుని ఆ పెట్టెకు దూరమైతే బొమ్మ ఆగిపోయేది. వీ యూ అమ్మకాలు కోటీ 36 లక్షల దగ్గరే నిలిచిపోయాయి. 2023లో వచ్చిన ప్లేస్టేషన్ పోర్టల్ చూడటానికి అచ్చం చేతి కన్సోలే. ఆట మాత్రం ఇంట్లోని ప్లేస్టేషన్ 5లో నడుస్తూ వైఫై మీద వస్తుంది. ఆ తర్వాత సర్వర్ల నుంచి ఆడే వీలూ ఇచ్చారు. ఎలా ఆడినా నెట్ తెగితే చేతిలో మిగిలేది ఖాళీ తెర. కాబట్టి రూపం చూసి వర్గం చెప్పకూడదు. ఆట ఎక్కడ నడుస్తోంది, దానికి శక్తి ఎక్కడి నుంచి వస్తోంది, ఆ తెర ఎవరిది? ఈ మూడు అడిగితే ఏ పెట్టె అయినా తన వర్గం తానే చెబుతుంది.

నా వాదానికి ఎదురు నిలిచే గట్టి ఉదాహరణ స్టీమ్ డెక్. 2022లో వాల్వ్ కంపెనీ తెచ్చిన ఈ చేతి యంత్రం నిజానికి ఒక పీసీ. బల్ల మీద కంప్యూటర్లో ఆడే ఆటలే దీనిలోనూ నడుస్తాయి. మరి హద్దు ఎక్కడుంది అని అడుగుతారు. వాల్వ్ ఆచరణే జవాబు చెప్పింది. ఆ కంపెనీ ఒక్కో ఆటనూ ఈ యంత్రం మీద విడిగా పరీక్షించి ముద్ర వేయాల్సి వచ్చింది. ఆ పరీక్షలో చూసేది వేగమొక్కటే కాదు. చిన్న తెర మీద అక్షరాలు చదవగలమా? కీబోర్డు, మౌసు లేకుండా మీటలతో ఆట మొత్తం సాగుతుందా? ఈ రెండూ అందులో ఉన్నాయి. తేడా బలంలోనే ఉండి ఉంటే అక్షరాల పరిమాణాన్ని పరీక్షించాల్సిన పనేముంది? పైగా దాని బరువు 669 గ్రాములు. టీవీకి కలపడం పూర్తిగా మానేసి చేతికే పరిమితమైన స్విచ్ లైట్ బరువు 275 గ్రాములు. ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని, పడుకుని ఓ గంట ఆడి చూస్తే మణికట్టే తీర్పు చెబుతుంది.

స్విచ్ లోపలే ఆ హద్దు ఇంకా సజీవంగా ఉంది. 2018లో వచ్చిన సూపర్ మారియో పార్టీ నలుగురు కలిసి ఆడే ఆట. కంట్రోలర్లు విడదీసి పంచుకోవాలి. స్విచ్‌ను చేతిలో పట్టుకుని ఆడే పద్ధతిలో అది అసలు నడవదు. ఒకే యంత్రం, ఒకే చిప్పు, ఆ ఆటకు బలం సరిపోక కాదు. ఆ ఆట హాల్లో పుట్టింది, దానికి హాలే కావాలి.

ఫోనుండగా చేతి కన్సోల్ ఎందుకన్నది చివరి అభ్యంతరం. ఫోను ఇంటింటికీ చేరిన కాలంలోనే స్విచ్ 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది, ఆ అంకె ఒక్కటే చాలు. ఫోను మీద ఆడేటప్పుడు మన బొటనవేళ్ళే సగం తెరను మూసేస్తాయి. వేలికి మీట తగలదు, చూడకుండా నొక్కలేం. ఆట మధ్యలో ఆఫీసు నుంచి కాల్ వస్తుంది, బ్యాంకు మెసేజ్ వస్తుంది. ఫోను అన్ని పనులకూ సిద్ధంగా ఉండాల్సిన వస్తువు. చేతి కన్సోల్ ఆటకోసమే పుట్టిన వస్తువు.

ఇంత పట్టుదలగా ఎందుకు వాదిస్తున్నానంటే, ఈ తప్పు నమ్మకం వల్ల నష్టపోతున్నది మామూలు కుటుంబాలు. నెల జీతంలో మిగిల్చి, ఈఎంఐ పెట్టి, లేకపోతే అమెరికా నుంచి వచ్చే బంధువును బతిమాలి తెప్పించి, "అసలైనది" కొంటున్నారు. ఆ తర్వాత అది టీవీ కింద దుమ్ము పడుతోంది, ఎందుకంటే ఆ టీవీ పిల్లాడికి దొరకదు. ఇంకోచోట నలుగురు పిల్లలున్న ఇంటికి ఒక్కరే ఆడే చేతి కన్సోల్ కొని రోజూ గొడవలు తెచ్చుకుంటున్నారు. ఏది ఎక్కువ బలమైనదని అడిగినన్నాళ్ళూ ఈ పొరపాటు జరుగుతూనే ఉంటుంది.

ఆ రోజు ఇంటికి తిరిగొచ్చే దారిలో మెట్రోలో నిలబడి మావాణ్ణి అడిగాను, "నువ్వు ఎప్పుడు ఆడతావురా?" అని. కాసేపు ఆలోచించాడు. "స్కూల్ నుంచి వచ్చాక. కానీ అప్పుడు నానమ్మ సీరియళ్ళు. ఆదివారం నాన్న క్రికెట్. మరీ ఎక్కువ అంటే ఊరెళ్ళేటప్పుడు రైల్లో." చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. జేబులోంచి ఆ లెక్కల కాగితం తీసి, అన్నిటికంటే పెద్ద అంకె ఉన్న వరసను పెన్నుతో కొట్టేశాడు. "అయితే మామయ్యా, నాకు చేతిలోదే కావాలి. అది డమ్మీ కాదు కదా?"

కాదురా. దాని తల్లి వేరు, అంతే.